స్టాండు లేని సైకిలు

అనుకూలనం పాఠానికి ఒంటె, మంచు ఎలుగు, నాగజెముడు శాశ్వత సభ్యులు. ప్రభుత్వాలు మారతాయి, పుస్తకాల అట్టలు మారతాయి, ఈ ముగ్గురి పదవులకు మాత్రం ఢోకా లేదు. అనంతపురం జిల్లాలో ఐదో తరగతి చదివే పిల్లకు వీటిలో రోజూ కనిపించేది నాగజెముడు ఒక్కటే. అదీ ఒకప్పుడు అమెరికా వైపు నుంచి ఓడెక్కి వచ్చిందే. ఒంటె ఎప్పుడైనా ఊళ్లోకి వస్తుంది. పిల్లల్ని మూపు మీద ఎక్కించుకుని వీధి చివరిదాకా తిప్పి, తలా పది రూపాయలు వసూలు చేసుకుని పోతుంది. ఇక మంచు ఎలుగు. ఏప్రిల్ నెల, ఒంటిపూట బడి, నలభై దాటిన ఎండ. చెమటకు చేతిలో పెన్సిలు జారిపోతుంటే "చర్మం కింద మందపాటి కొవ్వు పొర ఉండుట వలన చలి నుండి రక్షణ పొందును" అని రాసుకోవాలి. రాస్తారు, మార్కులూ పడతాయి. ఆ కొవ్వు ఎందుకంత గొప్పదో మాత్రం రాసిన ఒంటికి తెలియదు.

నాకీ గొడవ ఎందుకంటే, మా చెల్లెలు గుత్తికీ అనంతపురానికీ మధ్య 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు. నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో, ఒకే నల్లబల్ల ముందు. "పాఠంలో తప్పు లేదన్నా, అడ్రసు తప్పు" అంటుంది. ఎక్కడికో పోవాల్సిన ఉత్తరం ఇక్కడ బట్వాడా అయిందని దాని బాధ.

ఆ రహదారి శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగుతుంది. మూడు వేల ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. దేశంలో ఇంత పొడుగు రోడ్డు ఇంకోటి లేదు. నాగపూర్ దాటి ఆదిలాబాద్ దగ్గర తెలుగు నేల మీదికి వచ్చి, నిర్మల్, హైదరాబాద్, కర్నూలు మీదుగా మా జిల్లాను నిలువునా చీల్చుకుంటూ బెంగుళూరు పోతుంది. చలికాలం మొదలవుతూనే దీని మీద ఒక కొత్త జాతి వలస కనబడుతుంది. నెత్తిన హెల్మెట్, సైకిలుకు రెండు వైపులా సంచులు, వెనకాల చిన్న జెండా. కాశ్మీరు నుంచి కన్యాకుమారికి తొక్కేవాళ్లు. కొందరు రికార్డు కోసం, కొందరు ఊరికే, కొందరు వీపు మీద ఒక అట్టముక్క తగిలించుకుని ఏదో ఒక మంచిపనికి చందాల కోసం.

దీపావళి వెళ్లిన వారంలో చెల్లెలు ఫోను చేసింది. "అన్నా, లడాక్ నుంచి సైకిలు తొక్కుకుంటా వచ్చిన పిల్ల మా బడి వేపచెట్టు కింద కూర్చోనుంది. నీళ్ల కోసం ఆగింది. మధ్యాహ్నం అన్నం ఇక్కడే తినమన్నా. వస్తావా?"

వెళ్లాను. శ్రీకాకుళం వైపు అమ్మాయి, ఉద్యోగం పుణెలో. సెప్టెంబరులో లేహ్‌లో బయలుదేరి, మనాలి మీదుగా దిగి, అంబాలా దగ్గర ఈ రహదారి పట్టుకుందట. కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకు కృత్రిమ కాళ్లు పెట్టించే పనికి డబ్బు పోగుచేస్తోంది. నేను వెళ్లేసరికి అమ్మాయిని ఎవరూ పట్టించుకోవడం లేదు. అందరూ సైకిలు చుట్టూ ఉన్నారు.

పిల్లలు సైకిలును చూసిన తీరు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం అక్కడే మొదలైంది. వాళ్లకు సైకిలంటే తెలుసు. ఇంట్లో ఉండేది పాలక్యాను మోసేది, గ్యాసుబండ మోసేది, నీళ్లబిందెలు మోసేది. దాని క్యారియరు మీద మేకపిల్ల కూడా ప్రయాణం చేస్తుంది. ఆ కళ్లతో చూస్తే ఈ సైకిలు వాళ్లకు వికలాంగురాలిలా కనిపించింది. స్టాండు లేదు. చెయిన్ కవరు లేదు. బాడుగ సైకిలుకు కూడా ఉండే డైనమో లేదు. సీటు చూస్తే బొత్తిగా సన్నం, దాని మీద ఇద్దరు కూర్చునే ప్రశ్నే లేదు. పెద్ద సైకిలుషాపులో దీని ఖరీదు ఎంతో విన్నాక ఒక పిల్లవాడు ఇంత లెక్క పోసి స్టాండు కూడా లేనిది కొన్నందుకు అక్క మీద నిజంగానే జాలిపడ్డాడు.

"స్టాండు తీసేసేనురా. అరకిలో బరువు. రోజుకి ఎనభై, తొంభై కిలోమీటర్లు ఆ అరకిలో నేనెందుకు మొయ్యాలి? చెట్టుకో గోడకో ఆనిస్తే సరిపోద్ది కదా" అందా అమ్మాయి.

చెల్లెలు అక్కడ దూరింది. టీచర్లకు దూరే చోటు తెలుస్తుంది. కేరళలో బావుల అడుగున దొరికే ఒక చిన్న చేప ఉంది, దానికి కళ్లుండవు, ఎందుకుండవో చెప్పండి అంది. చీకట్లో ఉంటాది కదా టీచర్, కళ్లెందుకు అన్నారు. మరి సైకిలుకు స్టాండెందుకు? పిల్లలు సైకిలు వైపు మళ్లీ చూశారు. ఈసారి జాలి లేదు. ఒక్కొక్కటీ ఏది లేదో వెతుక్కుని, అది ఎందుకు లేదో వాళ్లే చెప్పుకోవడం మొదలుపెట్టారు. అనుకూలనం అంటే ఏదో ఒకటి అదనంగా రావడమని పుస్తకం నేర్పుతుంది: మూపురం, కొవ్వు, ముళ్లు. వదిలించుకోవడం కూడా అందులో భాగమేనని చెప్పడానికి ఆ పూట ఒక సైకిలు చాలింది. చేప కళ్లు ఎవరో విప్పి పక్కన పెట్టినవి కావనీ, తరతరాలుగా పనిలేక సన్నగిల్లినవనీ చెల్లెలు జాగ్రత్తగా చెప్పింది. ఆ తేడా కాసేపటికే అక్కరకొచ్చింది.

ఎందుకంటే వెంటనే ఒక అమ్మాయి అడిగింది: "అక్కా, నీ పిక్కలు ఇంత గట్టిగుండాయి కదా, రేపు నీకు పుట్టే పిల్లోళ్లకు గూడా ఇట్లే ఉంటాయా?"

పెళ్లి కాని అమ్మాయి, పాపం, ముఖం ఎర్రబడింది. కానీ ప్రశ్న ఆషామాషీది కాదు. 1809లో ఫ్రాన్సులో లామార్క్ అనే జీవశాస్త్రజ్ఞుడు అచ్చం ఇదే అన్నాడు. జిరాఫీ కొమ్మలకోసం మెడ సాచీ సాచీ పొడుగు చేసుకుంది, ఆ పొడుగు పిల్లలకు దక్కింది అని. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుంది! కష్టపడ్డవాడి ఫలం వాడి బిడ్డలకు అందాలనే మన కోరికకు ప్రకృతి తలూపినట్టుంటుంది. ఈ రోజుకీ చదువుకున్నవాళ్లలో సగంమంది, ఒంటె ఎడారిలో ఉండీ ఉండీ మూపురం పెంచుకుందనే అనుకుంటున్నారని నా అనుమానం. జర్మనీలో వైజ్‌మన్ అనే ఆయన 1880లలో ఈ మాట తేల్చడానికి తరం తర్వాత తరం ఎలుకల తోకలు కోసుకుంటూ పోయాడు. ఐదు తరాల్లో పుట్టిన తొమ్మిది వందల పైచిలుకు పిల్లల్లో తోక లేకుండా పుట్టింది ఒక్కటీ లేదు.

మా చెల్లెలు ఎలుకల జోలికి పోలేదు. "మీ అమ్మకు చెవులు కుట్టినారా?" అంది. కుట్టినారు. "మీ అవ్వకు? మీ అవ్వకు అవ్వకు?" అందరికీ కుట్టినారు. "మరి మొన్న మీ ఇంట్లో పుట్టిన పాపకు చెవుల్లో రంధ్రాలు ఉన్నాయా?" గదంతా నవ్వు. వైజ్‌మన్ ఎలుకలన్నిటినీ ఒక్క కమ్మల జత ఓడించింది. వేల ఏళ్లుగా మన ఇళ్లల్లో జరుగుతున్న ప్రయోగమది. ఫలితం మన కళ్ల ముందు ఊయలలో ఉంటుంది, మనమే పాఠంగా చదవలేదు. సీబీఎస్ఈ పిల్లలు చదివే పదో తరగతి పుస్తకం నుంచి 2023లో జీవపరిణామం భాగాన్నే తీసిపారేశారు. భారం తగ్గించడానికట. స్టాండు తీసేయడం వేరు, చక్రం తీసేయడం వేరు.

మరి ఆ అమ్మాయి ఒంట్లో ఈ రెండు నెలల్లో జరిగింది ఏమిటి? చాలా జరిగింది. లేహ్ మూడున్నర వేల మీటర్ల ఎత్తు. విమానం దిగిన మొదటి రెండు రోజులు తలనొప్పితో మంచం దిగలేదంది. తర్వాత అలవాటు పడి, 5,300 మీటర్లు దాటిన తంగ్లాంగ్ లా కనుమను తొక్కుకుంటూ ఎక్కింది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగమే. ఊపిరి వేగం పెరుగుతుంది, మూత్రపిండాలు కబురు పంపితే ఎముకల మూలుగ ఎర్రకణాల్ని ఎక్కువగా తయారుచేస్తుంది, రక్తం కొంచెం చిక్కబడుతుంది. ఇదంతా ఒంటిది. కిందికి దిగిన కొన్ని వారాలకు ఒళ్లు ఆ సంగతే మరిచిపోతుంది. మైదానాల ఎండలోకి వచ్చాక ఇంకో మార్పు: వారం పది రోజుల్లో చెమట ముందుకంటే త్వరగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చొక్కా మీద తెల్లచారలు పలచబడితే అలవాటు పడ్డట్టు లెక్క అని ఆ అమ్మాయి పిల్లలకు తన జెర్సీ వీపు చూపించింది. చూడాలని తోసుకున్నారు. ఇల్లు చేరి పుణెలో ఏసీ గదిలో నెల కూర్చుంటే ఇదీ పోతుంది. ఒళ్లు అద్దెకిస్తుంది, రాసివ్వదు.

రాసిచ్చినవి కూడా ఆ ఒంట్లోనే ఉన్నాయి. అసలు చెమట పట్టడమే. మనిషి చర్మంలో ఇరవై నుంచి నలభై లక్షల చెమట గ్రంథులున్నాయి. కుక్క నాలుక చాచి రొప్పాలి, మనం ఒళ్లంతా తడిసి చల్లబడతాం. అందుకే ఎండలో గంటల తరబడి ఆగకుండా పోగల జంతువుల్లో మనిషి ముందు వరసలో ఉంటాడు. పిల్లలు మోచేయి మీద నీళ్లు చల్లుకుని నోటుపుస్తకాలతో విసురుకుని చూశారు. తడి ఉన్న చోట చల్లగా, లేని చోట వెచ్చగా. ఆ గది పుస్తకంలోని మంచు ఎలుగు కొవ్వు కూడా ఆ రోజు మొదటిసారి అర్థమై ఉంటుంది, తలకిందులుగా: చల్లబడడానికి మనకు ఇంత ఏర్పాటుంటే, చల్లబడకుండా ఉండడానికి దానికి అంత ఏర్పాటు.

అన్నం వేళయింది. మన రాష్ట్రంలో బడి భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆవిడ ఇల్లు దారినపోయేవాళ్ల కోసమే వండిన ఇల్లు. వేళకాని వేళ ఏరు దాటి వచ్చినవాడికి కూడా విస్తరి వేసిన మనిషి. ఆ పేరున్న భోజనం లేహ్ నుంచి వచ్చిన బాటసారి కంచంలో పడడం నాకెందుకో బాగుంది. గుడ్డు, సాంబారు అన్నం, చివర్లో చిక్కీ. సైకిలు తొక్కేవాళ్ల ఆకలి చూసి తీరాల్సిందే. పిల్లలు తమ చిక్కీలు కొన్ని ఆమె ముందు పెట్టేశారు. ఆమె మొహమాటపడకుండా సంచిలో వేసుకుంది.

చిక్కీ చూపించి చెల్లెలు మళ్లీ అంది, శనక్కాయ పూత యాడ పూస్తాది? పైన. కాయ? భూమిలో. ఈ ప్రశ్నకు అనంతపురం పిల్లలు తల కూడా ఎత్తనక్కర్లేదు. పూత రాలాక దాని మొదట్లోంచి ఊడ ఒకటి దిగి మట్టిలోకి చొచ్చుకుపోయి అక్కడ కాయ కడుతుంది. లోకంలో చాలా మొక్కలు విత్తనాన్ని గాలికో పక్షికో అప్పగించి దూరం పంపాలని చూస్తే, ఇది తన పిల్లల్ని తనే పాతిపెట్టుకుంటుంది, ఎండకూ మేసే నోళ్లకూ అందకుండా. దక్షిణ అమెరికా నుంచి వచ్చి, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా నేలలో ఇది పాతుకుపోయిందంటే ఊరికే కాదు. అయినా వాన బొత్తిగా మొహం చాటేసిన ఏడు ఊడ దిగడానికి మట్టి మెత్తబడదు. ఆ సంగతి ఆ పిల్లలకు మన వ్యవసాయ నివేదికలకంటే బాగా తెలుసు. ఎంత గొప్ప అనుకూలనానికైనా ఒక హద్దుంటుంది. దాన్ని ఇంట్లో నాన్న ముఖంలో చూసినవాళ్లు వాళ్లు.

హద్దు గురించి ఇంకో కథ ఉంది. ఐర్లండులో లిస్మోర్ అనే చిన్న ఊరు. 1941లో డెర్వ్లా మర్ఫీ అనే పిల్లకు పదో పుట్టినరోజుకు ఒక పాత సైకిలూ, ఒక పాత అట్లాసూ కానుకగా వచ్చాయి. రెండూ చూసుకున్న పిల్ల ఇండియా దాకా సైకిలు మీద పోతానని అప్పుడే నిశ్చయించుకుంది. పద్నాలుగో ఏటికే చదువు మానేసి మంచాన పడ్డ తల్లికి చాకిరీ చేస్తూ ఉండిపోయి, ఆ తల్లి పోయాక 1963 జనవరిలో, యూరప్ గడ్డకట్టుకుపోయిన చలికాలంలో బయలుదేరింది. ఆసియా రోడ్ల మీద నిలవవని గేర్లు ముందే విప్పేసింది. ఇక్కడ కూడా అదే, వదిలించుకోవడం. ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా ఆ వేసవికి ఢిల్లీ చేరింది. ఆవిడ 'ఫుల్ టిల్ట్' పుస్తకం చదివినవాళ్లు దారిలో ఎదురైన తోడేళ్ల గురించి చెప్పుకుంటారు. నాకు గుర్తుండేది తర్వాతి సంగతి. ఢిల్లీలో ఆగకుండా ధర్మశాలకు వెళ్లి, టిబెట్ కాందిశీకుల పిల్లల శిబిరంలో నెలల తరబడి ఊడిగం చేసింది.

ఆ పిల్లలు ఎవరు? 1959 తర్వాత హిమాలయాలు దాటి వచ్చినవాళ్లు. ప్రపంచంలో ఎత్తుకు ఇంతగా ఇమిడిన మనుషులు అరుదు. వాళ్ల ఒంట్లో ఈపాస్1 అనే జన్యువు ఒక ప్రత్యేకమైన రూపంలో ఉందని 2010లో తేలింది. ఎంత ఎత్తుకు పోయినా రక్తం మరీ చిక్కబడి గుండెకు భారం కాకుండా అది కాపాడుతుంది. డెనిసోవన్లు అనే, ఏనాడో అంతరించిపోయిన మరో మానవజాతి నుంచి అది సంక్రమించిందని 2014లో ఇంకో పరిశోధన చెప్పింది. మన సైకిలు అమ్మాయి రెండు వారాల్లో అద్దెకు తెచ్చుకున్నదానికి వాళ్ల దగ్గర వేల ఏళ్ల పట్టా ఉంది. కానీ ఆ పట్టా ఒక్క చోటుకే చెల్లుతుంది. వాళ్లను దింపిన అస్సాం మిస్సామారి, బెంగాల్ బక్సా శిబిరాల్లో ఉక్క, ఇరుకు, క్షయ. ఐదు వేల మీటర్ల మీద చెక్కుచెదరని ఒళ్లు అక్కడ పిట్టల్లా రాలాయి. మా అనంతపురంలో చలికాలం రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మే టిబెటన్లు వాళ్ల పిల్లలూ, మనవలూనే. స్వెట్టరు అవసరం అంతగా లేని ఊళ్లో స్వెట్టర్లు అమ్ముకు బతకడాన్ని ఏ తరగతిలో పాఠంగా చెప్పాలో నాకు తెలియదు గానీ, బేరం చేసే ముందు ఒకసారి ఆలోచించండి.

ఇక అసలు ప్రశ్న. వెనక వరసలో గోడకు ఆనుకుని ఉన్న పిల్లవాడు అన్నం తిన్నాక అడిగాడు. "అక్కా, నీకు కావాల్సింది లెక్క. దానికి సైకిలు తొక్కేది ఏంటికి? ఊరికే అడిగితే ఇయ్యరా?"

అమ్మాయి తడుముకుంది. పెద్దవాళ్లెవరూ ఆమెను ఈ మాట అడిగి ఉండరు. పెద్దవాళ్లు సెల్ఫీ దిగుతారు. ఆమె జవాబు వెతుక్కునేలోపు పక్కవాడు అందుకున్నాడు. "ఊరికే అడిగితే ఎవురన్నా అడుగుతారు రా. అబద్ధమైతే ఇంత దూరం తొక్కుతాదా?"

ఈ మాట చెప్పడానికి ఇజ్రాయెల్ జీవశాస్త్రజ్ఞుడు అమోత్స్ జహావీకి 1975లో పెద్ద వ్యాసం రాయాల్సివచ్చింది. మగనెమలికి అంత తోక ఎందుకు? ఎగరడానికి అడ్డం, దాక్కోవడానికి అడ్డం. అంత అడ్డం పెట్టుకుని కూడా బతికి బట్టకట్టాడంటే వాడిలో సత్తా నిజమైందేనని ఆడనెమలి నమ్ముతుంది. ఖరీదైన సంకేతాన్ని దొంగ కొనలేడు. ఇది ఎంతవరకు నిజమని జీవశాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మనుషుల విషయంలో మాత్రం 2013లో ఒలివోలా, షఫీర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి, సుఖంగా ఇచ్చే అవకాశం కంటే కాస్త కష్టపడి ఇచ్చే అవకాశం ఉన్నప్పుడే జనం ఎక్కువ ఇస్తారని చూపించారు. వింటే విడ్డూరం. మనకు కాదు. బస్సు ఉండగా అలిపిరి నుంచి మెట్లెక్కే జాతి మనది. కష్టం లేని మొక్కు మొక్కే కాదనుకుంటాం.

పైగా దూరం నడిచివచ్చి అడిగినవాడికి ఇవ్వడంలో తెలుగువాళ్ల పేరు చరిత్రలో ఉంది. వినోబా భావే నడుచుకుంటూ నల్లగొండ జిల్లా పోచంపల్లి వచ్చి, 1951 ఏప్రిల్ 18న ఊరి దళితులకు భూమి కావాలంటే, వెదిరె రామచంద్రారెడ్డి నిలబడి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ పుట్టింది. ఆ తర్వాత పదమూడేళ్లకు పైగా వినోబా దేశమంతా కాలినడకన తిరిగారు. లక్షల ఎకరాలు వచ్చాయి. వచ్చినవాటిలో గుట్టలెన్ని, రాళ్లనేలలెన్ని, కోర్టు తగాదాల్లో ఉన్నవెన్ని అనేది ఇంకో కథ. చాలా భూమి పంచనే లేదు, పంచిన దాంట్లో కొంత దున్నడానికి పనికిరాలేదు. అడిగిన మనిషి కష్టం నిజం, ఇచ్చినవాడి ఉత్సాహం నిజం, తీసుకున్నవాడి నాగలి మాత్రం రాయికి తగిలింది.

సైకిలు తొక్కడం చిత్తశుద్ధికి సాక్ష్యం అవుతుందేమో గానీ, ఇచ్చేది అక్కరకొస్తుందా అనే దానికి కాదు. 2004 సునామీ తర్వాత దేశం నలుమూలల నుంచి నాగపట్నం తీరానికి లారీల కొద్దీ పాతబట్టలు వెళ్లాయి. తీరంలో జాలరి కుటుంబాలు వాటిని ముట్టుకోలేదు. రోడ్ల పక్కన కుప్పలుగా పడి వర్షానికి నానాయి. చివరికి గూంజ్ వంటి సంస్థలు వాటిని ఏరి శుభ్రం చేసి పనికొచ్చే వస్తువులుగా మార్చుకోవాల్సివచ్చింది. ఆ బట్టలు పంపినవాళ్లందరూ మంచివాళ్లే. మంచు ఎలుగు పాఠం రాసినవాళ్లు కూడా మంచివాళ్లే.

అతికే దానం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ అమ్మాయి దేనికోసం తొక్కుతోందో చూడాలి. పడమటి దేశాల కృత్రిమ పాదం బిరుసుగా ఉండేది, బూటులో దూర్చితేనే పనికొచ్చేది. మన రైతు బూటు వేసుకోడు. బురదలో దిగాలి, గట్ల మీద వంకరటింకరగా నడవాలి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, పొద్దున్నే గొంతుక్కూర్చోవాలి. 1968లో జైపూర్‌లో పెద్ద చదువులు లేని రామచంద్ర శర్మ అనే హస్తకళా నిపుణుడూ, డాక్టర్ పి.కె. సేఠీ అనే శస్త్రవైద్యుడూ కలిసి రబ్బరుతో ఒక పాదం చేశారు. అది అన్ని వైపులా వంగుతుంది, నీళ్లలో తడుస్తుంది, చెప్పు లేకుండా నడుస్తుంది, దాంతో చెట్టు కూడా ఎక్కొచ్చు. చూడ్డానికి మన పాదంలాగే, మన రంగులోనే ఉంటుంది. మూపురం, కొవ్వు, ఊడ, ఇవన్నీ ప్రకృతి యుగాల తరబడి చేసినవి. ఈ పాదం ఇద్దరు మనుషులు, మరొకరు ఎలా కూర్చుంటారో ఓపిగ్గా చూసి చేసింది. ఫోనులో దాని వీడియో చూపించినప్పుడు గదిలో చప్పుడు లేదు. ఆ తర్వాత ఒకడు, మా తాతకు ట్రాక్టరు కింద పడి కాలు పోయింది, శనక్కాయ పెరికేటప్పుడు గొంతుక్కూర్చోలేకపోతాడు, దీంతో కూర్చోవచ్చా అని అడిగాడు. ఆ అమ్మాయి శిబిరాలు ఎక్కడ పెడతారో, ఎవరికి ఫోను చేయాలో చెల్లెలికి రాసిచ్చింది. ఇవ్వడానికి వచ్చిన ప్రశ్నా తీసుకోవడానికి వచ్చిన ప్రశ్నా ఒకే బెంచీ మీద నుంచి రావడం నాకు చాలా నచ్చింది. పట్నం బడుల్లో దానం అంటే ఎవరో దూరాన ఉన్న పేదలకు మనం ఇచ్చేది.

పిల్లలు ఏమైనా ఇస్తామన్నారు. ఇంటికి పోయి తెస్తామని లేచినవాళ్లను చెల్లెలు కూర్చోబెట్టింది. జేబులో ఉంటే ఇవ్వండి, లేకుంటే లేదు, ఎవరెంత వేశారో ఎవరూ చూడకూడదు అని చాక్‌పీసుల డబ్బా ఖాళీ చేసి తిప్పింది. నాకు నా చిన్నప్పటి బడి గుర్తొచ్చింది. టీబీ సీళ్లూ, జెండా దినం టిక్కెట్లూ తలా ఇన్నని అంటగట్టి, డబ్బు తేనివాళ్లను బెంచీ ఎక్కించేవారు. క్షయ అంటే ఏమిటో ఒక్కసారి చెప్పలేదు. ఆ సీళ్లు అట్టల మీద అతికించుకున్నాం గానీ ఇచ్చామన్న భావన మాకెవరికీ ఉండేది కాదు. చాక్‌పీసుల డబ్బా అడుగున ఒక్క రూపాయి బిళ్లలూ, రెండు రూపాయల బిళ్లలూ, ఒక పది నోటూ తేలాయి. మొత్తం లెక్కపెట్టాక, సైకిలు ఎందుకని అడిగిన పిల్లవాడే మళ్లీ లేచాడు. "చీటీ ఇస్తావా అక్కా?"

చెల్లెలు సిగ్గుపడి వాణ్ణి కసిరింది. కసరక్కర్లేదు. అబద్ధమైతే ఇంత దూరం తొక్కుతాదా అన్న మాట ఎంత నిజమో, తొక్కిన ప్రతివాడి లెక్కలూ నిజం కానక్కర్లేదన్నదీ అంతే నిజం. పింఛం చూసి నమ్మే నెమలికి రసీదు పుస్తకం లేదు, మనకుంది. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. సంచి అడుగు నుంచి పుస్తకం తీసి, బడి పేరు మీద, చిల్లరతో సహా మొత్తం రాసి, చించి వాడి చేతికే ఇచ్చింది. దాన్నిప్పుడు నల్లబల్ల పక్కన అతికించారు.

మూడింటికి ఆమె బయలుదేరింది. ఎండ ఇంకా దిగలేదు, అనంతపురం చేరాలి.

పాఠకులకు ఒక మనవి. మళ్లీ చలికాలం వస్తోంది. మీ ఊరు పెద్దరోడ్డు పక్కన ఉంటే సంచులు కట్టిన సైకిళ్లు పోవడం మీకు కనిపిస్తుంది. ఒకరిని ఆపండి. మంచినీళ్లు ఇచ్చి, దగ్గర్లో బడి ఉంటే టీచరుకు చెప్పి తీసుకెళ్లండి. గంట చాలు. ఉపన్యాసం చెప్పించకండి. ప్లాస్టిక్ పూలగుత్తులు వద్దు. శాలువా కప్పకండి, మన ఎండకు అది అక్కర్లేదు, వాళ్ల సంచిలో చోటూ ఉండదు. పిల్లల్ని సైకిలు చుట్టూ నిలబెట్టి మీరు పక్కకు తప్పుకోండి. చందా ఇస్తే మాత్రం రసీదు అడిగి తీసుకోండి.